కుక్క గోక్కుంటుంటే: ఒక పశువుల డాక్టరు అనుభవ పాఠాలు

ముప్పై ఆరేళ్లు పశువుల డాక్టరుగా పనిచేశాను. 1983లో తిరుపతి పశువైద్య కళాశాలలో చదువు ముగించుకుని వచ్చిన నాటి నుంచి 2019లో విరమణ పొందే దాకా నా ఉద్యోగమంతా నెల్లూరు జిల్లా సముద్రపు అంచునే గడిచింది. ఎక్కడికి బదిలీ అయినా తూర్పుగాలిలో ఉప్పు తగులుతూనే ఉండేది. ప్రభుత్వం నన్ను పెట్టుకున్నది గేదెల కోసం, ఎద్దుల కోసం, గొర్రెల కోసం. కుక్కను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నేనూ తీసుకోలేదు. అందుకేనేమో, నా తప్పుల్లో ఎక్కువ వాటా కుక్కల ఒంటి మీదే జరిగింది.

ఇప్పటికీ పిల్లలు ఫోన్లు చేస్తుంటారు. వాట్సాప్‌లో ఫొటో పెట్టి, "తాతా, మా కుక్క తెగ గోక్కుంటోంది, ఏం రాయమంటారు?" అని అడుగుతారు. ఏం రాయాలి అన్న ప్రశ్న దగ్గరే నేనూ చాలా ఏళ్లు ఆగిపోయాను. అది దాటడానికి నాకు ఎంత కాలం పట్టిందో, దానికి ఎన్ని ప్రాణాలు మూల్యమయ్యాయో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

1. దురద ఆగినంత మాత్రాన జబ్బు తగ్గినట్టు కాదు.

1993 నాటి మాట. టైగరు రొయ్య బంగారం పండిస్తున్న రోజులు. మాగాణి పొలాలు ఒక్కొక్కటే గుంటలైపోతున్నాయి. గట్టు మీద కాపలా గుడిసె, గుడిసె ముందు ఒక కుక్క. రాత్రిపూట దొంగల్ని, తెల్లవారుజామున నీటికాకుల్ని తరమడం దాని పని. అలాంటి కుక్కనొకదాన్ని కాపలాదారు సైకిలు వెనక గోనెసంచిలో కూర్చోబెట్టుకుని తెచ్చాడు. ఏడాది నిండీ నిండని నాటు కుక్క. పేరు నల్లోడు. కళ్లద్దాలు పెట్టినట్టు కళ్ల చుట్టూ బొచ్చు రాలిపోయింది. ముందు కాళ్ల మీద ఎర్రటి మచ్చలు, అక్కడక్కడ చీముపొక్కులు.

"రాత్రంతా గోక్కుంటానే ఉండాది సారూ. అది నిద్రపోదు, నన్ను పోనీదు" అన్నాడు.

నేను దాని ఒంటి మీద చెయ్యి కూడా వేయలేదు. బల్ల మీదున్న స్టెరాయిడ్ ఇంజక్షన్ తీసి తొడకు పొడిచాను. సాయంత్రానికి గోకుడు ఆగింది. మూడో రోజు అతను తామరాకులో పొట్లం కట్టి రొయ్యలు తెచ్చి ఇచ్చాడు. పది రోజులకు మళ్లీ దురద, మళ్లీ ఇంజక్షన్. అలా రెండు నెలల్లో నాలుగు సార్లు. ఐదోసారి వచ్చినప్పుడు కుక్క కంటే ముందు దాని వాసన గదిలోకి వచ్చింది. చర్మం ఏనుగు తోలులా మందం కట్టింది. పాదాలు ఉబ్బి వేళ్ల సందుల్లోంచి నెత్తురూ చీమూ కలిసి కారుతున్నాయి. వారం తిరక్కుండానే గుంట గట్టు మీద చనిపోయింది.

దానికి ఉన్నది డెమోడెక్స్ అనే పురుగు వల్ల వచ్చే గజ్జి. కంటికి కనిపించని ఆ పురుగు వెంట్రుక కుదుళ్లలో కాపురముంటుంది. పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లో, తల్లి పొట్టకు అంటుకుని పాలు తాగేటప్పుడే పిల్లకు చేరుతుంది. దాదాపు ప్రతి కుక్క ఒంట్లోనూ నాలుగైనా ఉంటాయి, ఏ హానీ చేయవు. కుక్క ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి సన్నగిల్లినప్పుడు మాత్రం అవి వేలకు వేలు పెరుగుతాయి, వాటి వెనకే చీము పట్టించే సూక్ష్మజీవులు చేరతాయి. స్టెరాయిడ్ చేసేది సరిగ్గా ఆ శక్తిని అణచడమే. నల్లోడి దురదకు సూది వేసిన ప్రతిసారీ నేను ఆ పురుగులకు మేత వేశాను.

స్టెరాయిడ్ చెడ్డ మందని అనడం లేదు. కారణం తెలిశాక, తగిన జబ్బుకు, తగినన్ని రోజులు వాడితే దాన్ని మించిన ఉపశమనం లేదు. కారణం తెలియక ముందు దానంత మోసకారి కూడా లేదు. చూసేవాళ్లకు నయమైనట్టు కనిపిస్తుంది, డాక్టరుకు మంచి పేరు వస్తుంది. ఆ పొట్లం రొయ్యలు నేను వండించుకుని తిన్నాను. ఆ సంగతి నాకింకా గుర్తే.

2. గీకి చూడకుండా గజ్జి పేరెత్తకండి.

గజ్జికి కారణం ఒక సూక్ష్మమైన పురుగని ఇటలీలో బొనోమో అనే వైద్యుడు 1687లోనే సూక్ష్మదర్శినితో చూసి బొమ్మ గీసి మరీ రాశాడు. నేను మూడు వందల ఏళ్ల తర్వాత ఉద్యోగంలో ఉండి కూడా కంటిచూపుతో గజ్జిని తేల్చేసేవాణ్ణి. నేను పనిచేసిన ఒక ఊళ్లో మైక్రోస్కోపు చెక్కపెట్టెలోనే ఉండేది, దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలుసుకోవాలని కూడా నాకు తోచలేదు. నల్లోడు పోయాక ఆ పెట్టె తెరిపించాను.

పని కష్టమైనదేమీ కాదు. మొండి బ్లేడుకు ఒక చుక్క లిక్విడ్ పారఫిన్ రాయాలి. మచ్చ అంచున చర్మాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి పిండాలి. పిండితే కుదుళ్లలో దాగిన డెమోడెక్స్ పైకి వస్తుంది. తర్వాత ఒకే దిక్కుకు, నెత్తురు సన్నగా చెమర్చే దాకా గీకాలి. గీకినదాన్ని గాజుపలక మీద పరిచి చూస్తే, చుట్ట ముక్కకు ఒక చివర పొట్టి కాళ్లు మొలిచినట్టుంటుంది డెమోడెక్స్. అసలైన గజ్జిపురుగు సార్కోప్టిస్ వేరు. అది తాబేలులా గుండ్రంగా ఉంటుంది, చర్మంలో సొరంగాలు తవ్వుకుంటూ పోతుంది. దానికి చెవి అంచులు, మోచేతులు, పొట్ట కింది భాగం ఇష్టం. చెవి అంచును బొటనవేలితో మెల్లగా రుద్ది చూడండి. వెంటనే కుక్క వెనక కాలు గాలిలో గోకడం మొదలుపెడితే సార్కోప్టిస్‌ను గట్టిగా అనుమానించాలి. గీకినా అది చాలాసార్లు దొరకదు. దొరకలేదని లేదనుకోకూడదు.

ఈ రెండింటినీ వేరుచేయడం ఎందుకంటే, డెమోడెక్స్ పక్క కుక్కకు గానీ మనిషికి గానీ అంటదు. సార్కోప్టిస్ అంటుతుంది. కుక్కతో పడుకునే పిల్లల చేతుల మీద, నడుము చుట్టూ ఎర్రటి దద్దుర్లు లేస్తాయి. మనిషి ఒంట్లో అది సంతతిని నిలుపుకోలేదు కాబట్టి, కుక్కకు నయమైతే మనుషులకూ కొద్ది వారాల్లో తగ్గిపోతుంది. అది తెలియక కుక్కను కాలవ అవతల వదిలేసి వచ్చిన కుటుంబాలను చూశాను. బకింగ్‌హామ్ కాలువ దాటించినా మూడో రోజుకు ఈదుకుంటూ తిరిగొచ్చిన కుక్కనూ చూశాను.

గుండ్రటి బిళ్లల్లా బొచ్చు ఊడి, అంచున పొట్టు లేస్తుంటే అది తామర కావచ్చు. అదీ పిల్లలకు అంటేదే. దానికి మందు వేరు.

3. కాలిన ఆయిలు కుక్కనే కాలుస్తుంది.

మన తీరంలో ఇంజన్ బోట్లు వచ్చినప్పటి నుంచి ఈ వైద్యం మొదలైంది. ఇంజన్‌లోంచి తీసిన నల్లటి ఆయిలు డబ్బాడు తెచ్చి, గజ్జి పట్టిన కుక్కను కట్టేసి ఒళ్లంతా పూస్తారు. పురుగుకు ఊపిరాడక చస్తుందని నమ్మకం. కొన్ని పురుగులు చస్తాయి కూడా. ఆ ఆయిలులో ఉండే లోహాలు, మడ్డి, విషాలు పగిలిన చర్మంలోంచి లోపలికి పోతాయి. మిగిలింది కుక్క నాకి మింగుతుంది. వేసవిలో ఆ నల్లటి పూత కింద ఒళ్లు ఉడికిపోతుంది. కిరసనాయిలుది, ఫినాయిలుదీ ఇదే కథ.

ఈ విషయంలో నా పాపం మౌనం. జాలర్ల పల్లె పట్టపుపాలెంలో సంఘం పెద్దలు నన్ను గౌరవంగా కూర్చోబెట్టి, "మేమైతే ఆయిలు పూసేస్తాం సారూ" అని చెప్పినప్పుడు నవ్వి ఊరుకునేవాణ్ణి. వాళ్ల మాటకు ఎదురు చెప్పడం బాగుండదనుకున్నాను. గమాక్సిన్ పొడి చల్లే వాళ్లతోనూ అంతే. దాన్ని దేశంలో 1997లో నిషేధించేదాకా, పేలకూ పిడుదులకూ పిండి చల్లినట్టు చల్లేవారు. వెర్రిగా వణుకుతూ వచ్చిన కుక్కలకు నేను సూదులు వేశానే గానీ, ఆ డబ్బా పారేయమని గట్టిగా చెప్పలేదు.

పెద్దల వైద్యమంతా పనికిరానిదని కాదు. కానుగ నూనె, వేపాకు కషాయం పురుగును కొంత దూరంగా ఉంచుతాయి, చర్మానికి పెద్ద హాని చేయవు. ముదిరిన గజ్జిని అవి కుదర్చలేవు, అంతే. సముద్రస్నానం సంగతి కూడా అడుగుతుంటారు. పగుళ్లు లేని చర్మానికి అప్పుడప్పుడైతే ఫరవాలేదు, తర్వాత మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. పుండ్ల మీద ఉప్పు, ఇసుక పడితే ఎలా ఉంటుందో మన కాలికి గాయమైనప్పుడు అలలో నిలబడి చూస్తే తెలుస్తుంది.

4. పురుగులు కుక్క మీద కంటే ఇంట్లోనే ఎక్కువ.

పిడుదుల్ని చేత్తో పీకి, అగ్గిపెట్టెలో వేసి నాకు చూపించడానికి తెచ్చేవారు. నెత్తురు తాగి చిక్కుడుగింజంత ఉబ్బిన ఆడ పిడుదు కుక్కను విడిచి గోడెక్కుతుంది. పగుళ్లలో, తలుపు వెనక, తాటాకుల కప్పులో దూరి వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. పిల్ల పిడుదులు మళ్లీ కుక్కనే వెతుక్కుంటూ వస్తాయి, దొరక్కపోతే నెలల తరబడి పస్తుండి కాచుకుంటాయి. బొచ్చులో గంతులేసే సన్నటి పురుగులు, మేము ఫ్లీలు అనేవి, అవీ అంతే. వాటి గుడ్లు కుక్క పడుకున్న చోటల్లా రాలిపోతాయి. ఫ్లీ కాటు ఒంటికి సరిపడని కుక్కకు నడుము మీద, తోక మొదట్లో బొచ్చు రాలి పచ్చిపుండవుతుంది. తెల్లకాగితం మీద కుక్కను దువ్వి, రాలిన నల్లటి నలుసుల మీద తడి పెట్టండి. ఎర్రగా కరిగితే అది ఫ్లీ విసర్జించిన నెత్తురు.

ఎన్నో ఏళ్లు నేను కుక్కకు మాత్రమే మందు పోసి పంపాను. పక్కలు ఎండలో వేయమని, గోడ పగుళ్లు పూడ్చమని, ఆ ఇంట్లో ఉన్న కుక్కలన్నిటికీ, పిల్లులకూ ఒకేసారి వైద్యం చేయించమని చెప్పలేదు. పిల్లుల మాటెత్తాను కాబట్టి ఒక హెచ్చరిక: కుక్కలకు వాడే పర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం.

పిడుదు చర్మంతో ఆగదు. ఎర్లిషియా, బెబీసియా అనే జ్వరాలను నెత్తురులోకి ఎక్కిస్తుంది. తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, ముక్కునుంచి నెత్తురు కారుతూ వచ్చిన కుక్కల్ని చర్మం డాక్టరులా చూసి పంపిన రోజులున్నాయి.

5. కుక్కకు మందైనది రొయ్యకు విషం.

2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాక గుంటలు మళ్లీ పెరిగాయి, కాపలా కుక్కలూ పెరిగాయి. ఒక రైతు కుక్కకు పిడుదులు పట్టాయంటే డెల్టామెత్రిన్ రాసిచ్చాను. బక్కెట్టు నీళ్లలో ఎన్ని మిల్లీలీటర్లు కలపాలో, ముక్కూ కళ్లూ తప్పించి ఎలా తడపాలో, నీడలో ఎలా ఆరబెట్టాలో అన్నీ ఓపికగా చెప్పాను. మిగిలిన నీళ్లు ఎక్కడ పారబోయాలో చెప్పలేదు. పనివాడు గట్టు మీదే కుక్కను కడిగి, బక్కెట్టు పిల్లరొయ్యలున్న నర్సరీ గుంట అంచున కుమ్మరించి, ఆ నీళ్లలోనే జాడించాడు.

మర్నాడు పొద్దున రైతు నన్ను తీసుకెళ్లి చూపించాడు. అంచు పొడుగునా పిల్లరొయ్యలు వెల్లకిలా తేలి, తెల్లటి దారప్పోగుల్లా కొట్టుకొచ్చి ఉన్నాయి. కొన్ని ఇంకా మెలికలు తిరుగుతున్నాయి. అతను నన్ను ఒక్క మాటా అనలేదు. "మీకు తెలవదా సారూ?" అని మాత్రం అడిగాడు. తెలుసు. పురుగును చంపే ఆ జాతి మందులు రొయ్యకూ పీతకూ చేపకూ అతి సూక్ష్మ మోతాదులో కూడా విషమని చదివాను. కుక్కను చూస్తున్నప్పుడు కుక్క ఉండే చోటు నా కంటికి ఆనలేదు.

అప్పటి నుంచి చీటీ మీద మందు పేరు కింద ఇంకో వరస రాసేవాణ్ణి: గుంటకూ కాలవకూ బావికీ దూరంగా, ఎండిన నేల మీద పారబోయాలి, కుక్కను రెండు మూడు రోజులు నీళ్లలోకి దిగనివ్వకూడదు.

6. మందు ఎంత గొప్పదైనా కొలతే ప్రాణం.

ఐవర్‌మెక్టిన్ కథ మీకు తెలిసే ఉంటుంది. జపాన్‌లో సతోషి ఓమురా మట్టిలోంచి తీసిన ఒక సూక్ష్మజీవి నుంచి పుట్టి, విలియం క్యాంప్‌బెల్ చేతుల మీదుగా 1981 నాటికి పశువులకు మందైంది. ఆ ఇద్దరికీ 2015లో నోబెల్ వచ్చింది. నా చేతుల్లో అది వందల కుక్కల గజ్జిని కుదిర్చింది. అదే మందును గొర్రెల సీసాలోంచి కంటికొలతగా లాగి కుక్కపిల్లలకు పొడిచే వాళ్లనూ చూశాను. కాలీ వంటి కొన్ని జాతులకు అది మెదడుకెక్కుతుంది, అందుకు ఒక జన్యువులోని లోపమే కారణమని 2001లో తేలింది. అమిట్రాజ్‌తో తడిపేటప్పుడు ఎక్కువైతే కుక్క మత్తుగా తూలిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది. ఇంట్లో షుగరు ఉన్నవాళ్లు దాన్ని చేత్తో ముట్టకపోవడం మంచిది. ఇప్పుడు నెలకోసారి, మూడు నెలలకోసారి మింగించే మాత్రలు వచ్చాయి. ఆ రోజుల్లోనే అవి ఉంటే నల్లోడు బతికేవాడు. ఖరీదెక్కువే. మూర్ఛ వచ్చే కుక్కలకు వాటినీ ఆలోచించే ఇవ్వాలి. మొదట చేయాల్సింది మాత్రం ఎప్పుడూ ఒకటే, తూకం. ముందు కుక్కను ఎత్తుకుని తూకం బల్ల ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి. తేడాయే దాని బరువు.

7. మన సబ్బు, మన మలాము మన ఒంటికే.

కుక్క చర్మం మన చర్మం కంటే పల్చన. మనది కొంచెం ఆమ్లగుణమున్న చర్మం, దానిది అలా కాదు. బట్టల సబ్బుతో రుద్దితే ఒంటి నూనె పోయి, పొట్టు లేచి, ఇంకా గోక్కుంటుంది. మందులషాపులో అడగ్గానే ఇచ్చే ట్యూబులున్నాయి, స్టెరాయిడూ శిలీంధ్రపు మందూ చీముమందూ అన్నీ కలిపినవి. వాటితో మొదటి పాఠంలో చెప్పిన ప్రమాదమే, కాకపోతే మెల్లగా వస్తుంది. పైగా కుక్క దాన్ని నాకేస్తుంది.

క్లోర్‌హెక్సిడిన్ ఉన్న షాంపూ రాసి పది నిమిషాలు ఉంచాలి. ఆ పది నిమిషాలే వైద్యం. రాసిన వెంటనే నీళ్లు గుమ్మరిస్తే షాంపూ ఖర్చు తప్ప ఏమీ మిగలదు. నేను ఇళ్లకు వెళ్లినప్పుడు గడియారం చేతికిచ్చి, కుక్కను పట్టుకుని ఆ పది నిమిషాలూ కూర్చోమనేవాణ్ణి. అది ఎంత పొడుగైన సమయమో అప్పుడు తెలుస్తుంది.

8. చీము ఆరగానే మందు ఆపకండి.

కుక్క చర్మంలో చీము పట్టించే సూక్ష్మజీవి పేరు స్టెఫైలోకోకస్ సూడింటర్మీడియస్. అది వేరే జాతని 2005లో గుర్తించారు. మామూలుగా ముక్కులో, నోట్లో, చర్మం మీద ఉంటూనే ఉంటుంది. గోకి గోకి చర్మం చిట్లినప్పుడు లోపలికి దిగుతుంది. అంటే చీము దాదాపు ఎప్పుడూ రెండో జబ్బే. మొదటిది వేరే ఉంటుంది, పురుగో, ఎలర్జీయో, థైరాయిడ్ లోపమో. చీముకు మాత్రమే వైద్యం చేసి పంపిన కుక్కలు నెల తిరిగేసరికి నా వరండాలో మళ్లీ కనిపించేవి.

ఐదు రోజుల మాత్రలు రాసివ్వడం నాకు అలవాటు. మనుషుల జలుబుకు రాసినట్టు. లోతుగా చీము పట్టిన చర్మానికి వారాల తరబడి వాడాలి, మధ్యలో చూపించాలి, డాక్టరు చాలన్నాకే ఆపాలి. పైపైన ఉన్నదైతే షాంపూతోనే చాలాసార్లు తగ్గిపోతుంది, మాత్ర అవసరమే ఉండదు. తీరూ తెన్నూ లేకుండా వాడిన మందులే సూక్ష్మజీవికి మందును తట్టుకోవడం నేర్పాయి. ఉద్యోగం చివరి ఏళ్లలో చీము పరీక్షకు పంపితే, నేను మొదట్లో అలవోకగా రాసిన మందులు ఒక్కటీ పనిచేయవని కాగితం తిరిగొచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఆ కాగితంలో నా దస్తూరీ కూడా కొంత ఉందనిపించేది.

9. మన వానాకాలం కార్తెల్లో కాదు, కుక్క చెవిలో మొదలవుతుంది.

మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఒళ్లు ఆరని ఆ రోజుల్లో చెవుల్లో, చంకల్లో, కాలివేళ్ల సందుల్లో మలసీజియా అనే ఈస్టు పెరుగుతుంది. చర్మం జిడ్డుగా, నల్లగా మారి, పులిసిన పిండి వాసన వేస్తుంది. గజ్జి అనుకుని పురుగుమందు పోస్తే ఏమీ తగ్గదు. వానలకు ముందే చెవులు చూసి, జడలు కట్టిన బొచ్చు కత్తిరించి, గుడిసెలో ఎత్తుగా ఒక చెక్కబల్ల వేస్తే సగం బాధ తప్పుతుంది.

2015 నవంబరు వానలకు ఊళ్లు వారాల తరబడి నీళ్లలో నానాయి. గోకుడు పుండ్ల మీద ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పట్టిన కుక్కలు రోజుకు ఐదారు వచ్చేవి. సీతాఫలం ఆకు నూరి పెట్టి కట్టు కట్టి తెచ్చేవారు కొందరు. బొచ్చు తీసి, ఉప్పునీళ్లతో కడిగి, టర్పెంటైన్ చుక్కలు వేసిన దూది పుండు అంచున పెడితే పురుగులు ఊపిరికి పైకి వస్తాయి. చిమటాతో ఒక్కొక్కటే తీయాలి. ఓ లాంతరు వెలుగులో ఒక కుక్క చెవి వెనక నుంచి లెక్కపెడుతూ నూట పన్నెండు తీశాను. ఆ కుక్క కదల్లేదు. నా మోకాలి మీద తల పెట్టుకుని చివరిదాకా పడుకుంది. అంత నమ్మకానికి తగినవాణ్ణా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నాకకుండా మెడకు కట్టే ప్లాస్టిక్ పట్టీ దొరకనప్పుడు అడుగు కోసేసిన పాత బక్కెట్టు చాలు. అంచుకు గుడ్డ చుట్టి మెడకు కట్టండి.

10. కొన్ని దురదలు కుక్కతోనే ముసలివవుతాయి.

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక ఇంటి ల్యాబ్రడార్ నన్ను ఆరేళ్లు తిప్పింది. పాదాలు నాకి నాకి తెల్లబొచ్చు కూడా ఇటుకరంగుకు తిరిగింది. గీకితే పురుగు లేదు, తామర లేదు. ఎనిమిది వారాలు అంతకుముందెప్పుడూ తినని మాంసం, ఒకే రకం గింజ మాత్రమే పెట్టి చూశాం. ఆ ఎనిమిది వారాల్లో ఆ ఇంటి నాయనమ్మ దొంగచాటుగా బిస్కెట్టు పెడుతోందని ఏడో వారంలో తెలిసింది. మళ్లీ మొదటికొచ్చాం. తిండి కూడా కాదని తేలాక మిగిలింది ఒంటి తత్వపు ఎలర్జీ, దుమ్ములోని పురుగులు, పుప్పొడి వంటివి పడకపోవడం. దానికి నయం కావడమంటూ ఉండదు, అదుపు ఉంటుంది. ఈ మాట మొదటి ఏడాదే చెప్పాల్సింది. ప్రతిసారీ "ఈ మందుతో పోతుందమ్మా" అన్నాను. ఆ తల్లికి చివరికి నా మాట మీద నమ్మకం పోయిందే గానీ, కుక్క మీద ప్రేమ పోలేదు.

చేపలు తినబట్టే గజ్జి వచ్చిందని మన వైపు బలంగా నమ్ముతారు. చేప పడని కుక్క ఎక్కడో ఒకటి ఉండొచ్చు. నేను చూసినంతలో పెరుగన్నం ఒక్కటే తిని, పొట్టలో నులిపురుగులతో, బొచ్చు గడ్డిలా ఎండిపోయిన కుక్కలే ఎక్కువ. వాటికి మందు కంటే ముందు ఉడికించిన గుడ్డు కావాలి.

11. చూసిన కుక్కను మళ్లీ చూడండి.

నా రిజిస్టర్లలో వేల కుక్కలున్నాయి. "మూడు వారాలకు రండి" అని రాసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రాని వాళ్లకు నయమైందనుకున్నాను. ఊరకుక్కల సంగతి అసలు రాయనే లేదు. ఎవరిదీ కాని కుక్కకు రోజూ అన్నం పెట్టే అవ్వ ఒకరు ప్రతి వీధిలో ఉంటుంది, ఆమె చేతికి మాత్ర ఇస్తే అన్నంలో కలిపి పెడుతుంది. ఆ అవ్వను వెతకడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. ఇప్పుడు 1962 నంబరుకు ఫోను చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది. ఊరకుక్కను పట్టుకునే ముందు మీరు రేబీస్ టీకా వేయించుకుని ఉండండి.

రిటైరైన రెండో ఏడు, పెన్నకు వరద వచ్చి తగ్గిన డిసెంబరులో, ఒక ముసలాయన మా ఇంటి గేటు తీసుకుని వచ్చాడు. చంకలో గోనెసంచి, సంచిలోంచి కుక్కపిల్ల తల. నేను గుర్తుపట్టలేదు. "నల్లోడి మనిషిని సారూ" అన్నాక గుండె ఝల్లుమంది. పిల్ల కళ్ల చుట్టూ బొచ్చు పల్చబడి ఉంది. నేను కూర్చోమని చెప్పేలోపే చొక్కా జేబులోంచి కాగితంలో చుట్టిన కొత్త బ్లేడు తీసి నా ముందు పెట్టాడు.

"ముందు గీకి చూడండి సారూ. సూది తర్వాత."

ఎవరు చెప్పారో, ఎక్కడ విన్నాడో అడగలేదు. బ్లేడు అంచును రాతి మీద మొండి చేసి, చుక్క నూనె రాసి, గీకాను. మనవరాలి మైక్రోస్కోపు కిందికి పలక జరిపి, చూశాక, అతణ్ణి చూడమన్నాను. ఒక కన్ను మూసుకుని చాలాసేపు వంగి ఉన్నాడు. చుట్టముక్కల్లాంటివి ఆ నూనెలో మెల్లగా కాళ్లాడిస్తున్నాయి.

"అప్పుడు వాడి ఒంట్లో ఉన్నింది ఇవేనా?" అన్నాడు తలెత్తకుండానే.

"ఇవే" అన్నాను.